రుజువు చేసుకొమ్మన్నాం

యాజమాన్యాల తరఫున, బీమా కంపెనీల తరఫున కార్మిక నష్టపరిహారం కేసులు నడిపే ప్రతి లాయరు ఆఫీసులోనూ ఒక కౌంటరు, అంటే దరఖాస్తుకు ఇచ్చే ఎదురు జవాబు, సిద్ధంగా ఉంటుంది. ఒకప్పుడు టైపు కొట్టిన కాగితంగా బీరువాలో ఉండేది, తర్వాత కంప్యూటర్లోకి చేరింది. పేర్లు, ఊళ్లు, తేదీలు మారుస్తాం. మిగతాది మారదు. చనిపోయిన మనిషి మా దగ్గర పనిచేయలేదు. చేసినా ఆ రోజు పనిలో లేడు. ఉన్నా, ప్రమాదం పని వల్ల జరగలేదు. జరిగినా, అతను తాగి ఉన్నాడు. చెప్పిన వయసు అబద్ధం, చెప్పిన జీతం అబద్ధం, భార్యాబిడ్డలమని వచ్చినవాళ్లు వారసులో కాదో మాకు తెలియదు. కాబట్టి అన్నీ నిరాకరిస్తున్నాం, ప్రతి అంశాన్నీ దరఖాస్తుదారులే రుజువు చేసుకోవాలి.

ఒకదానికొకటి పొసగని ఈ మాటలన్నీ ఒకే కాగితం మీద రాసి, కింద యజమాని చేత ‘నాకు తెలిసినంతవరకు ఇదంతా నిజం’ అని సంతకం పెట్టించాం. నేనూ పెట్టించాను. నాకు పని నేర్పిన సీనియర్లు పెట్టించారు, నా దగ్గర నేర్చుకున్న జూనియర్లు ఇప్పుడు పెట్టిస్తున్నారు. ఇది ఒకరిద్దరు లాయర్ల చెడ్డ అలవాటైతే ఇంత రాయనక్కర్లేదు. ఒక తరం నుంచి ఇంకో తరానికి మేం దీన్ని వృత్తి నైపుణ్యం పేరుతో అప్పగించుకుంటూ వచ్చాం. పేదవాడి కోసం రాసిన ఒక మంచి చట్టాన్ని మేమంతా కలిసి పాడుచేశాం.

ఆ చట్టం ఏమిటో చెబితే గానీ మేం చేసిన పాడు ఏమిటో తెలియదు. 1923కు ముందు మిల్లులో చెయ్యి తెగిన కూలీ యజమాని మీద దావా వేయాలంటే ఇంగ్లండు నుంచి దిగుమతైన మూడు వాదాలను దాటాలి. తోటి పనివాడి అజాగ్రత్త వల్ల జరిగితే యజమానికి సంబంధం లేదు. ప్రమాదం ఉందని తెలిసే పనిలో చేరావు కాబట్టి ఫలితం నీదే. నీ పొరపాటు కొంచెం ఉన్నా నీకేమీ రాదు. వీటిలో మొదటిది 1837 నాటి ప్రీస్ట్‌లీ, ఫౌలర్ కేసులో పుట్టింది. మాంసం వ్యాపారి దగ్గర పనిచేసే కుర్రాడు, మోయలేనంత బరువెక్కించిన బండి విరిగిపడి తొడ ఎముక విరగ్గొట్టుకుంటే, యజమాని ఇవ్వాల్సిందేమీ లేదని ఇంగ్లండు కోర్టు తేల్చింది. ఈ వాదాలకు ముగింపు చెప్పడానికే మన దేశంలో వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్ చట్టం వచ్చింది. 1924 జులై 1 నుంచి అమలైంది. 2010లో దాని పేరులోని ‘వర్క్‌మెన్’ పోయి ‘ఎంప్లాయీస్’ వచ్చింది.

తప్పెవరిదన్న ప్రశ్నను ఆ చట్టం దాదాపుగా పక్కన పెట్టింది. ప్రమాదం పనిలో ఉండగా, పని వల్ల జరిగిందా, మనిషి జీతం ఎంత, వయసు ఎంత అన్నవే చూడమంది. నాలుగో షెడ్యూల్లో ఒక్కో వయసుకు ఒక్కో గుణకం ఇచ్చింది. ముప్ఫై ఏళ్ల మనిషికి అది 207.98. మనిషి పోతే నెల జీతంలో సగాన్ని దానితో గుణించాలి. బడిపిల్లవాడు చేయగల లెక్క. కార్మికుడి తరఫున సంఘం నాయకుడు వచ్చి మాట్లాడినా చాలు. ప్రాణం పోయినా, పెద్ద గాయమైనా ఏడు రోజుల్లో యజమాని తానే ఈ కేసులు తేల్చే కమిషనర్‌కు తెలియజేయాలి. బాకీ పడిన నెల లోపు డబ్బు కట్టాలి. మొత్తం ఒప్పుకోకపోతే, ఒప్పుకున్నంత మేరకైనా ముందు కట్టాలి. కట్టకపోతే 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకుండా ఆపితే అసలులో సగం దాకా జరిమానా. అంటే బాధితుడు కోర్టుకు వచ్చే లోపే యజమాని డబ్బుతో వస్తాడని ఆ చట్టం రాసినవాళ్లు అనుకున్నారు.

నా చేతుల మీదుగా వెళ్లిన ఫైళ్లలో అలా వచ్చిన యజమాని ఒక్కడూ గుర్తు రావడం లేదు. యజమానులంతా రాతిగుండె మనుషులు కావడం వల్ల కాదు. రైసు మిల్లు నడిపేవాడు, రెండు లారీలు తిప్పుకునేవాడు, చిన్న క్వారీ ఉన్నవాడు ప్రమాదం జరిగిన రాత్రి నిజంగానే వణికిపోతాడు. ‘ఎంతివ్వాలో చెప్పండి సార్, ఇచ్చేస్తాను’ అంటూ వచ్చినవాళ్లను నేను చూశాను. కమిషనర్ దగ్గరికి వెళ్లే ముందు వాళ్లు మా దగ్గరికి వచ్చారు. మేం ఏం చెప్పాం? తొందరపడకండి. కాగితం మీద ఏదీ ఒప్పుకోకండి. ఆ కుటుంబాన్ని కేసు వేయనివ్వండి, అప్పుడు చూద్దాం. ఆ మనిషిలో ఆ రాత్రి ఉన్న మంచిని మేమే ఆర్పేశాం. ఈ ఒక్క సలహాతో మా బార్ కార్మికుల కుటుంబాలకు చేసిన నష్టం, మేం ఓడిన కేసులన్నిటిలో వాళ్లకు వచ్చిన డబ్బు కన్నా ఎక్కువని నా నమ్మకం.

ఈ లోగా ఊళ్లో పెద్దమనుషుల ఒప్పందం జరుగుతుంది. పోస్ట్‌మార్టం అయి శవం ఇంకా ఆసుపత్రిలోనే ఉంటుంది. బంధువులు గేటు దగ్గర కూర్చుంటారు. మిల్లు మేనేజరు, లేబరు మేస్త్రీ, ఒక స్థానిక నాయకుడు, స్టేషన్ నుంచి ఎవరో ఒకరు కలిసి ఒక మొత్తం తేలుస్తారు. దహన ఖర్చులకింత, అంబులెన్సుకింత, మిగతాది భార్య చేతిలో. స్టాంపు కాగితం మీద ఇక ఏ విధమైన హక్కూ కోరమని వేలిముద్ర. ఒడిశా నుంచో బీహారు నుంచో వచ్చిన కుర్రాడైతే ఇంకా సులువు. శవంతో పాటే కుటుంబమూ ఆ రాత్రికి రైలెక్కేస్తుంది. చనిపోయిన మనిషి పరిహారం కమిషనర్ దగ్గర డిపాజిట్ చేయాలే తప్ప కుటుంబానికి నేరుగా ఇచ్చింది పరిహారంగా లెక్కకు రాదని 1923 చట్టం ఎనిమిదో సెక్షన్ చెప్పింది. హక్కు వదులుకుంటున్నామనే ఒప్పందం చెల్లదని 17వ సెక్షన్ చెప్పింది. ఆ రెండూ మాకు కంఠతా వచ్చు. అయినా ఆ స్టాంపు కాగితాల డ్రాఫ్టు రాసింది మేమే. చెల్లని కాగితమైనా ఆ కుటుంబాన్ని కమిషనర్ ఆఫీసు దాకా రానివ్వదని మాకు తెలుసు.

ఇంత జరిగినా కేసు వేసేవాళ్లు వేస్తారు. అప్పుడు మా మొదటి మాట, యజమాని, కార్మిక సంబంధమే లేదని. మస్టరు ఉండదు, జీతం చేతికి ఇచ్చేవారు, గుర్తింపు కార్డు లేదు. అవన్నీ రాసిపెట్టాల్సింది యజమాని. రాయని కాగితం లేదన్న కారణంతో రాయనివాడినే గెలిపించమని మేం వాదించాం. పని కాంట్రాక్టరుకు ఇచ్చాం, అతను మేస్త్రీకి ఇచ్చాడు, మేస్త్రీ ఎవరిని తెచ్చాడో మాకు తెలియదు అన్నాం. కాంట్రాక్టరు పెట్టిన మనిషైనా, అసలు యజమాని తన వ్యాపారంలో భాగమైన పని చేయించుకుంటుంటే పరిహారం ముందు ఆయనే కట్టాలి, తర్వాత కాంట్రాక్టరు దగ్గర వసూలు చేసుకోవాలి అని 12వ సెక్షన్ 1923 నుంచీ అంటూ వచ్చింది. ఆ సెక్షన్ను కమిషనర్ గుర్తు చేసేదాకా మేం నోరు మెదపలేదు.

క్రాస్ ఎగ్జామినేషన్ గురించి రాయడం కష్టంగా ఉంది, కానీ రాయాలి. సాక్షి బోనులో భర్త పోయిన మనిషి నిలబడి ఉంటుంది. మేం అడిగేవి ఇవి. నీ భర్తకు నెలకు ఎంత ఇచ్చేవారో నువ్వు కళ్లారా చూశావా? ప్రమాదం జరిగినప్పుడు నువ్వక్కడ ఉన్నావా? లేవు కదా. పెళ్లయినట్టు సర్టిఫికెట్ ఉందా? ఆధార్‌లో వయసు ఒకటి, రేషన్ కార్డులో ఒకటి ఉంది, ఏది అబద్ధం? నీ భర్త అప్పుడప్పుడు కల్లు తాగేవాడా కాదా? ఆమె అవునండి, లేదండి, తెలియదండి అంటూ ఉంటుంది. ‘తెలియదండి’ని స్టెనో చేత ప్రత్యేకంగా రాయించుకున్నాం. బయటికొచ్చాక జూనియర్లు క్రాస్ బాగా జరిగిందన్నారు. ఆ ప్రశ్నలకు జవాబులన్నీ యజమాని మేనేజరుకు తెలుసు, ఆ మేనేజరును మేం సాక్షిగా పెట్టలేదు.

తాగుడు సంగతి వేరే చెప్పాలి. మత్తులో ఉండి ప్రమాదం తెచ్చుకుంటే పరిహారం రాదన్న మినహాయింపు ఆ చట్టంలో ఉండేది. కానీ మనిషి చనిపోతే ఆ మినహాయింపు వర్తించదని అదే సెక్షన్‌లో ఉండేది, 1995 సవరణ తర్వాత శాశ్వతంగా పూర్తి వికలాంగుడైనా వర్తించేది కాదు. అంటే మరణం కేసులో తాగాడో లేదో అన్నది లెక్కలోకే రాదు. అయినా ప్రతి మరణం కేసులోనూ రాశాం. న్యాయపరంగా పనికిరాని ఆ వాక్యం ఎందుకు? పదిమందిలో పరువు పోతుందని భయపడి ఆ కుటుంబం తక్కువకు రాజీ పడుతుందని. ఇంతకంటే మంచి కారణం నాకు ఇప్పటికీ దొరకలేదు.

కార్మికుల బీమా పథకం ఈఎస్ఐ పేరుతో చేసింది మరీ అన్యాయం. ఈఎస్ఐ పరిధిలోకి వచ్చే కార్మికుడు 1923 చట్టం కింద పరిహారం అడగకూడదని నియమం ఉండేది. ఫ్యాక్టరీ ఆ పరిధిలో ఉంటుంది, కార్మికుడి పేరు మాత్రం నమోదు చేయరు, చందా కట్టరు. మనిషి చెయ్యి పోయాక మేం వచ్చి, ఇతను ఈఎస్ఐ కార్మికుడు, ఇక్కడ కేసు చెల్లదంటాం. అక్కడికి వెళితే నీ నంబరేదని అడుగుతారు. రెండు గుమ్మాల మధ్య ఆ మనిషి ఏళ్ల తరబడి తిరుగుతాడు. ఎగ్గొట్టిన చందా యజమానిది, తిరుగుడు కార్మికుడిది.

ఇక లెక్క. ముప్ఫై ఏళ్ల సెంట్రింగ్ కూలీ నెలకు 12,000 సంపాదిస్తున్నాడనుకోండి. సగం 6,000. 207.98తో గుణిస్తే 12,47,880 రూపాయలు. వయసుకు సరైన కాగితం లేదు, నలభై అయి ఉండవచ్చు అంటే గుణకం 184.17కు దిగుతుంది, 1,42,860 రూపాయలు తగ్గుతాయి. జీతానికి రుజువు లేదు, 7,000 మాత్రమే అనుకోవాలంటే మొత్తం 7,27,930కి పడిపోతుంది. ఒక్క వాక్యానికి అయిదు లక్షల పైచిలుకు. ఆ తేడాను బీమా కంపెనీకి మిగిల్చిన లాయరు పేరే ఆ కంపెనీ లాయర్ల ప్యానెల్లో నిలబడుతుంది. పైగా చట్టమే జీతానికి ఒక పరిమితి పెట్టింది. ఎంత సంపాదించినా 2010 మే నుంచి 8,000 దాటి లెక్కించకూడదంది. 2020 జనవరిలో అది 15,000 అయ్యింది. మధ్యలో దాదాపు పదేళ్లు ధరలన్నీ పెరిగాయి, మా ఫీజులూ పెరిగాయి, పోయిన ప్రాణం లెక్క మాత్రం అక్కడే ఉంది. దాన్ని పెంచమని ఏ బార్ అసోసియేషనూ తీర్మానం చేసినట్టు నేను వినలేదు. నేనూ ప్రతిపాదించలేదు.

గాయాల కేసుల్లో మా ఆయుధం మొదటి షెడ్యూలు. చూపుడు వేలు మొత్తం పోతే 14 శాతం, బొటనవేలు పోతే 30 శాతం. ఆ అంకెలు ఒక కనీసపు కొలత. మనిషి చేసే పనిని బట్టి నష్టం పెరగవచ్చు. ఇది మాకు కొత్త సంగతి కాదు. సినిమా హాలులో అలంకరణ పని చేస్తూ పడిపోయి, ఎడమ చెయ్యి మోచేతి పైదాకా పోగొట్టుకున్న వడ్రంగి కేసు ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్, శ్రీనివాస్ సబత పేర్లతో 1976 తీర్పుల సంపుటాల్లో ఉంది. ఒంటి చేత్తో వడ్రంగం సాగదు కాబట్టి నష్టం నూటికి నూరు అంది సుప్రీంకోర్టు. పరిహారం ప్రమాదం జరిగిన రోజే బాకీ పడుతుందని, కమిషనర్ తీర్పు ఇచ్చిన రోజున కాదని కూడా చెప్పింది. అడ్డగోలు అభ్యంతరాలు లేవదీసిన యజమానికి జరిమానా సరైనదేనంది. నలుగురు జడ్జిల ధర్మాసనం.

ఆ తీర్పు చేతిలో ఉండగానే 2007లో ఇద్దరు జడ్జిల తీర్పు ఒకటి వచ్చింది. వడ్డీ లెక్క కమిషనర్ తీర్పు తేదీ నుంచి మొదలవుతుందని దాని సారం. నలుగురి తీర్పును ఇద్దరు మార్చలేరని మొదటి సంవత్సరం జూనియరుకు కూడా తెలుసు. ఈ కేసులు చూసే మేమంతా ఆ రెండోదాన్నే పట్టుకుని కమిషనర్ల ముందు, హైకోర్టులో వాదించాం. పాత తీర్పే చెల్లుతుందని 2012లో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పేదాకా ఆ వాదన నడిచింది. ఎదుటివాదికి అనుకూలంగా ఉన్న తీర్పును కోర్టు దృష్టికి తేవడం మా ధర్మం. ఆ అయిదేళ్లలో ఎన్ని ఇళ్లకు ఎన్నేళ్ల వడ్డీ పోయిందో ఎవరూ లెక్క కట్టలేదు, ఆ లెక్క కట్టాల్సిందీ మేమే.

మేం నిజంగా అమ్మింది కాలం. 2010 నుంచి కేసును మూడు నెలల్లో తేల్చాలని ఆ చట్టంలో ఉండేది. మన రెండు రాష్ట్రాల్లోనూ కార్మిక శాఖ అధికారులే మిగతా పనులతో పాటు కమిషనర్లుగా కూర్చునేవారు, వాళ్లకు తీరిక తక్కువ. ఆ తీరిక లేమిని మేం వాడుకున్నాం. వకాల్తాకు ఒక వాయిదా, కౌంటరుకు మూడు, డాక్టరును క్రాస్ చేయడానికి ఇంకొన్ని. పై కోర్టుకు వెళ్లాలంటే గట్టి చట్టపరమైన ప్రశ్న ఉండాలి, ముందు డబ్బంతా డిపాజిట్ చేయాలి. డబ్బు డిపాజిట్ అయ్యాక కూడా దాన్ని విడుదల కానివ్వకుండా ఆపడానికి దరఖాస్తులు వేశాం.

మహారాష్ట్రలో ఒక చక్కెర ఫ్యాక్టరీ వాచ్‌మన్ 2003 ఏప్రిల్లో తెల్లవారుజాము డ్యూటీకి వెళుతూ ఫ్యాక్టరీకి అయిదు కిలోమీటర్ల దూరంలో రోడ్డు ప్రమాదంలో చనిపోయాడు. కమిషనర్ 3,26,140 రూపాయలు ఇమ్మన్నాడు. ప్రమాదం పనిలో జరగలేదన్న వాదనకు హైకోర్టు ఒప్పుకుంది. సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసి కుటుంబానికి డబ్బు ఇమ్మన్నది 2025 జులైలో. ఇరవై రెండేళ్లు. ఆ ఇరవై రెండేళ్లూ ఎవరో ఒక లాయరు, నాలాంటివాడే, నల్లకోటు వేసుకుని ఆ వాదన చెప్పాడు. ఆ వాదనకు వంశావళి కూడా ఉంది. సౌరాష్ట్రలో ఉప్పు పని ముగించుకుని పడవలో ఇంటికి వెళుతూ నీళ్లలో మునిగి చనిపోయిన కూలీల విషయంలో యజమానికి బాధ్యత లేదని 1958లో సుప్రీంకోర్టు అంది. అప్పటి నుంచి మేం దాన్ని ప్రతి దారికీ, ప్రతి బస్సుకీ, ప్రతి మోటారు సైకిలుకీ తగిలించాం.

2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లో ఎసెన్షియా మందుల ఫ్యాక్టరీ పేలి 17 మంది చనిపోతే, ఒక్కో కుటుంబానికి కోటి రూపాయలు ప్రకటించారు. 2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి ఫ్యాక్టరీ పేలుడులో నలభై మందికి పైగా పోతే అక్కడా కోటి ప్రకటన వచ్చింది. ఇవ్వాల్సిందే, ఎవరూ కాదనరు. అదే నెలల్లో ఎక్కడో ఒక బోరు లారీ మీద నుంచి, ఒక అపార్టుమెంటు మూడో అంతస్తు సెంట్రింగ్ మీద నుంచి ఒంటరిగా పడి చనిపోయినవాడి భార్యకు మా కౌంటరు అందింది. వాళ్లకూ వీళ్లకూ తేడా చావులో లేదు. టీవీ కెమెరాలు ఉన్నచోట మేం నోరు విప్పలేదు, లేనిచోట ఏది పడితే అది రాశాం.

ప్రతి మనిషికీ తన తరఫున మాట్లాడే లాయరు ఉండాలి, నేను నా క్లయింటు పట్ల నా ధర్మం నెరవేర్చాను అని మేం చెప్పుకుంటాం. నేనూ చాలాకాలం నమ్మాను. ఉరిశిక్ష పడే ముద్దాయి విషయంలో ఆ మాట నిజం. ఇక్కడ పణంగా ఉన్నది యజమాని ప్రాణమో స్వేచ్ఛో కాదు, అతను కట్టాల్సిన బాకీ. చాలాసార్లు అతనిది కూడా కాదు, ప్రీమియం తీసుకున్న బీమా కంపెనీది. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలు మమ్మల్ని క్లయింటు నోరుగా ఉండొద్దన్నాయి, అన్యాయపు ఎత్తుగడలకు దిగకుండా క్లయింటును ఆపమన్నాయి, వినకపోతే కేసు వదులుకోమన్నాయి. మాలో ఎంతమంది ఆపాం? అలాంటి ఎత్తుగడలు చాలావరకు క్లయింటుకు తట్టినవి కావు, మేం నేర్పినవి. అబద్ధపు కేసులు రావా అంటే వస్తాయి. ఇంటి దగ్గర పడినవాణ్ణి లారీ మీద పడ్డాడని చెప్పినవీ చూశాను. అలాంటి కేసును ఎదిరించడం మా పని, దానికి సిగ్గుపడక్కర్లేదు. కానీ ఆ కొన్నిటిని అడ్డం పెట్టుకుని నిజమైనవాటన్నిటికీ అదే కౌంటరు వేశాం.

2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చి 1923 చట్టం స్థానం తీసుకుంది. ఇంటికీ పనికీ మధ్య దారిలో జరిగే ప్రమాదం కూడా అందులో చేరింది. కొత్త సెక్షన్లకు పాత కౌంటరును సరిపెట్టడం మాకు రెండు పూటల పని. చేయకూడదని మేం నిర్ణయించుకోవాలి. జూనియర్లకు నేను చెప్పేది ఇంతే: ఫైలు చేతికి రాగానే మస్టరు, ఎఫ్ఐఆర్, పోస్ట్‌మార్టం రిపోర్టు చదవండి. మనిషి పనిలోనే పోయాడని మీకు తెలిస్తే, దాన్ని నిరాకరిస్తూ ఒక్క వాక్యం కూడా రాయకండి. వివాదం జీతం గురించైతే జీతం గురించే రాయండి.

ఈ వ్యాసం చదివే మిల్లు యజమానులకు, కాంట్రాక్టర్లకు, లారీ ఓనర్లకు నా విన్నపం. మీ దగ్గర పనిచేసే మనిషికి ఏదైనా జరిగితే అధికారులకు మీరే తెలియజేయండి, లెక్క వేయించుకోండి, నెల తిరిగే లోపు ఒప్పుకున్నంతైనా డిపాజిట్ చేయండి. అలా చేయొద్దని మాలో ఎవరైనా సలహా ఇస్తే, ఆ లాయర్ని మార్చుకోండి.